బాణం కీ నొక్కితే బీ పడుతోందా? వీఐ, విమ్, నానో రివ్యూ

నమస్తే అండి. గుంటూరు బ్రాడీపేట నుంచి మాట్లాడుతున్నాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెరలో, ఫైళ్లు రాయడానికి వాడే వీఐ, విమ్, నానో ఎడిటర్లలో మనం నొక్కిన కీని ఏది సరిగ్గా అందుకుంటుంది? ఈ రోజు రివ్యూ దాని మీదే.

పోయిన వారం మా కింది పోర్షన్‌లో ఉండే ఇంజినీరింగ్ అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని పైకొచ్చాడు. "అక్కా, బాణం కీలు పోయాయి. షాపులో చూపిస్తే కీబోర్డు మార్చాలి, 1,800 అవుతుందన్నారు" అన్నాడు. మర్నాడే ల్యాబ్ సబ్మిషన్. పిల్లాడి ముఖం నిండా టెన్షన్. ఏదీ, చూపించు అన్నాను. వీఐలో సీ ప్రోగ్రామ్ తెరిచి, ఇన్సర్ట్ మోడ్‌లో, అంటే అక్షరాలు టైప్ చేసే మోడ్‌లో, కింది బాణం నొక్కాడు. కర్సర్ దిగలేదు. ఉన్న లైనుకి పైన ఇంకో లైను పుట్టి, అందులో బీ అనే అక్షరం పడింది. మళ్లీ నొక్కితే ఇంకో లైను, ఇంకో బీ.

కీ నిజంగా పోతే ఏమీ పడకూడదు కదండీ! ఇక్కడ కీ బాగానే పనిచేస్తోంది. చదువుకునే ఎడిటరే తప్పు చదువుతోంది.

ఇప్పుడు నా స్క్రీన్ చూడండి. కింది బాణం నొక్కితే ఎడిటర్‌కి చేరేది ఒక్క గుర్తు కాదు, మూడు. ఎస్కేప్, పెద్ద ఓ, పెద్ద బీ. ఉబుంటు అనే లినక్స్‌తో వచ్చే వీఐ అసలు విమ్‌కి చిన్న రూపం, దాని పేరు విమ్ టైనీ. అది పాత వీఐలాగే నడిచే కంపాటిబుల్ మోడ్‌లో మొదలవుతుంది. ఆ మోడ్‌లో ఈ మూడింటినీ కలిపి బాణంగా చదవదు. ఎస్కేప్ రాగానే ఇన్సర్ట్ మోడ్ నుంచి బయటికొస్తుంది. ఓ అంటే పైన కొత్త లైను తెరువు అని దానికి అర్థం. మిగిలిన బీ ఆ లైనులో పడుతుంది. పై బాణానికి ఏ, కుడికి సీ, ఎడమకి డీ పడేది కూడా ఇందుకే.

బ్యాక్‌స్పేస్ గొడవ కూడా ఇక్కడిదే. చెరిపిన అక్షరం చెరిగినా స్క్రీన్ మీద అలాగే కనిపిస్తుంది. అది చూసి ఆ కీ కూడా పోయిందనుకుంటాం.

బిల్ జాయ్ 1976లో వీఐ రాసినప్పుడు వాడిన ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ యంత్రానికి విడిగా బాణం కీలే లేవు. హెచ్, జే, కే, ఎల్ అక్షరాల మీదే బాణాలు ముద్రించి ఉండేవి. ఈ రోజుకీ విమ్‌లో ఆ నాలుగు అక్షరాలతోనూ కదలొచ్చు. నాకైతే ఈ సంగతి ఎంతో ఇష్టం.

మందు టెర్మినల్‌లో టైప్ చేసే ఒక్క లైను. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ విమ్. పూర్తి విమ్ వచ్చాక అదే ఫైలు తెరిచాం, బాణాలు నడిచాయి.

నానోలో ఈ బాధ మొదటి నుంచీ లేదు. బాణాలు, బ్యాక్‌స్పేస్ మామూలుగా పనిచేస్తాయి, ఏ కీ దేనికో కింది రెండు లైన్లలో రాసి ఉంటుంది. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. బ్రౌజర్‌లో తెరిచిన టెర్మినల్‌లో వెతకడానికి కంట్రోల్ డబ్ల్యూ నొక్కారో, ట్యాబే మూసుకుపోతుంది. రాసిందంతా పోవచ్చు. అక్కడ ఎఫ్6 వాడండి.

ఇంకొకటి. సేవ్ అవుతుందని కంట్రోల్ ఎస్ నొక్కితే టెర్మినల్ బిగుసుకుపోయిందా? కంగారుపడి విండో మూసేయకండి. టెలిటైప్ యంత్రాల కాలం నాటి 'ఆగు' సంకేతం అది. కంట్రోల్ క్యూ నొక్కండి, మళ్లీ కదులుతుంది.

నా మాట అడిగితే, అప్పుడప్పుడు రెండు లైన్లు మార్చేవాళ్లకి నానో చాలు. రోజూ కోడ్ రాసేవాళ్లు పూర్తి విమ్ పెట్టుకోండి. విమ్ టైనీని కొత్తవాళ్లకి నేను చెప్పను.

కీబోర్డుకి డబ్బు పెట్టే ముందు మాత్రం ఈ పరీక్ష చేయండి. ఎడిటర్ మూసేసి, టెర్మినల్‌లో కంట్రోల్ వీ నొక్కి, వదిలి, అనుమానం ఉన్న కీ నొక్కండి. కింది బాణానికి నా దగ్గర ఇదిగో, టోపీ గుర్తు, రెండు చదరపు బ్రాకెట్లు, బీ పడ్డాయి. టోపీ, మొదటి బ్రాకెట్ కలిపితే ఎస్కేప్; ఎడిటర్ బయట ఓ బదులు రెండో బ్రాకెట్ రావడం మామూలే. ఇలా ఏదో ఒకటి పడితే కీ బతికే ఉంది. మీకు ఏం పడిందో కామెంట్‌లో అలాగే రాయండి, చూసి చెబుతాను.