కలం కొర్బాను కాకూడదు

సహోదరీ సహోదరులందరికీ వందనాలు.

విశ్వాసంలో కొనసాగుతూ, కుటుంబాన్ని నడుపుకుంటూ, ఇప్పుడిప్పుడే రచనలోకి అడుగుపెడుతున్నవారి కోసం ఏర్పాటైన సమావేశం ఇది. మీలో చాలామంది తమ కష్టం సమయం చాలకపోవడమని చెబుతారు. అది నిజమే కానీ, దాని వెనుక అంతకంటే బరువైన అపరాధ భావం ఒకటి ఉంటుంది. రాయడానికి కూర్చుంటే ఇంట్లోవారికి అన్యాయం చేస్తున్నామేమోనని బెంగ. ఇంటిపనిలో మునిగితే దేవుడిచ్చిన తలాంతును, అంటే ప్రతిభను, భూమిలో పాతిపెడుతున్నామేమోనని బెంగ. రెంటికీ వాక్యాధారం ఉండడమే అసలు చిక్కు. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం అంటుంది. తలాంతును దాచిపెట్టిన దాసుణ్ణి సోమరి అని యజమానుడు గద్దించడం మత్తయి సువార్త 25వ అధ్యాయంలో చదువుతాం. ఈ రెండు భాగాల మధ్య నలిగిపోయేవారు మూడో భాగం ఒకటి ఉందన్న సంగతి సాధారణంగా గుర్తు చేసుకోరు. అది మార్కు సువార్త 7వ అధ్యాయం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

తల్లిదండ్రుల పోషణకు ఉపయోగపడవలసిన ఆస్తిని 'కొర్బాను' అని, అంటే దేవునికి అర్పితమని ప్రకటించిన కుమారుణ్ణి, వారికి ఇక ఏమీ చేయనక్కరలేకుండా ఆనాటి పారంపర్యాచారం విడిచిపెట్టేది. దేవుని పేరు చెప్పి దేవుని ఆజ్ఞనే నిరర్థకం చేస్తున్నారని యేసు ఆ ఆచారాన్ని తూర్పారబట్టాడు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ కుమారుడు ఏ దుర్వ్యసనం కోసమో తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేయలేదు. భక్తి పేరుతో చేశాడు. కాబట్టి అతణ్ణి ప్రశ్నించడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాదు.

రచయితల ఇళ్లలో ఇదే జరగడం నేను చూస్తూ వచ్చాను. 'ఇది నా పిలుపు, ఇది దేవుడు నాకు అప్పగించిన పరిచర్య' అని ప్రకటించిన తరువాత భార్య గానీ భర్త గానీ ఏమని వాదించగలరు? ఉద్యోగం మీద ధ్యాస ఎక్కువైందని అనవచ్చు, స్నేహితులతో కాలక్షేపం మితిమీరిందని అనవచ్చు. దేవుని పని ఎక్కువైందని విశ్వాసి అయిన మనిషి అనలేరు, అనలేక లోలోపల కుములుతారు. పైకి ఆ ఇల్లు ప్రశాంతంగా కనిపిస్తుంది. రాసేవారు దాన్ని కుటుంబ సహకారం అనుకుంటారు. అందుకే నా సలహా కొందరికి భక్తిహీనంగా వినిపించినా చెబుతున్నాను: సంఘంలో మీ రచనను ఏమని పిలుచుకున్నా సరే, ఇంట్లో మాత్రం దాన్ని పని అనండి. పనికి వేళలుంటాయి, హద్దులుంటాయి. దాని గురించి బేరమాడవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు, ఈ వారం వద్దని అడగవచ్చు.

పని అన్నంత మాత్రాన దానిలోని పవిత్రత తగ్గిపోతుందని భయపడేవారు నిర్గమకాండము 31వ అధ్యాయం చదవాలి. ప్రత్యక్ష గుడారం అనే ఆరాధన స్థలాన్ని నిర్మించిన పనివాడు బెసలేలును దేవుడు పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, చెక్క, వీటన్నిటిలో పనితనం అనుగ్రహించాడు. కళాకారుడి పిలుపు గురించి మాట్లాడేవారందరూ ఆ వచనాలనే ఎత్తుకుంటారు, అక్కడితో ఆపేస్తారు. ఆ వెంటనే, అదే అధ్యాయంలో, విశ్రాంతి దినాన్ని ఆచరించాలన్న ఆజ్ఞ వస్తుంది. ప్రత్యక్ష గుడారపు పని మొదలయ్యే ముందు 35వ అధ్యాయం ఆరంభంలో ఆ ఆజ్ఞే మళ్లీ వినిపిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన ఉండడాన్ని బట్టే, గుడారం కట్టే పని కూడా విశ్రాంతి దినాన ఆగవలసిందేనని యూదు బోధకులు నిర్ణయించారు. సాక్షాత్తు దేవుని నివాసాన్ని నిర్మించే పనే వారానికొక రోజు ఆగిందంటే, మన నవలలోని తొమ్మిదో అధ్యాయం ఆగలేనంత అత్యవసరమైనది కాదు. పైగా నిర్గమకాండము 20లో ఆ ఆజ్ఞ ఇంటి యజమానికి మాత్రమే ఇచ్చినది కాదు. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి అందరినీ అది పేర్కొంటుంది. మీరు విశ్రమించే రోజున మీ ఇంటివారు కూడా మీ రచన నుంచి విశ్రమిస్తారు.

ఇప్పుడు పిల్లలు చిన్నవారుగా ఉన్న ఇళ్ల సంగతికి వద్దాం. దీని గురించి ఎలిజబెత్ గాస్కెల్ కన్నా అనుభవంతో మాట్లాడినవారు తక్కువ. ఆమె ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో యూనిటేరియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక సంఘ కాపరి భార్య, ఆడపిల్లల తల్లి. 1845లో పసివాడైన కొడుకు జ్వరంతో చనిపోయినప్పుడు, ఆ దుఃఖం నుంచి తేరుకోవడానికి ఏదైనా రాయమని భర్తే సూచించాడు. అలా వచ్చిన తొలి నవల 1848లో ఆమె పేరు లేకుండానే వెలువడింది. చాలా ఏళ్ల తరువాత, 1862లో, రచయిత్రి కావాలనుకుంటున్న ఒక యువతికి ఆమె ఉత్తరం రాసింది. ఆ యువతి చంటిబిడ్డ తల్లి, ఇంటి చాకిరీతో అలసిపోతున్న మనిషి. గాస్కెల్ ఆ ఉత్తరంలో సాహిత్యం కన్నా ముందు ఇంటిపని తేలిక చేసుకునే మార్గాలు చెప్పింది, కుట్టుపని, బట్టలు ఉతకడం దాకా వెళ్లింది. తన పిల్లలు పసివారుగా ఉన్న రోజుల్లో తాను కథలు రాయగలిగేదాన్ని కాననీ, రాసి ఉంటే ఊహల్లోని మనుషుల్లో మునిగిపోయి నిజమైన మనుషులను పట్టించుకోకపోయేదాన్ననీ చెప్పింది. భార్యగా, తల్లిగా గడిపిన జీవితమే నలభయ్యేళ్ల వయసులో మంచి రచనకు ముడిసరుకు అవుతుందని ధైర్యం చెప్పింది.

ఆ ఉత్తరం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. దాని సలహాతో పూర్తిగా ఏకీభవించలేను. మొదటి కారణం, అందరికీ నలభై దాటిన జీవితం ఉంటుందన్న హామీ లేదు. అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఒకానర్ 1964లో లూపస్ వ్యాధితో చనిపోయేనాటికి ఆమె వయసు 39 ఏళ్లు. రెండో కారణం, పిల్లలు పెద్దయ్యేదాకా ఆగమని ఈ లోకం తల్లులకే చెబుతుంది. తండ్రి రాస్తుంటే పిల్లలను చప్పుడు చేయవద్దంటారు, తల్లి రాస్తుంటే పిల్లలు ఏం తిన్నారని అడుగుతారు. మన సంఘాలు కూడా దీనికి మినహాయింపు కావు. అమెరికన్ రచయిత్రి హ్యారియట్ బీచర్ స్టో ఏడుగురు బిడ్డల తల్లి. బానిసత్వం మీద ఆమె రాసిన ప్రసిద్ధ నవల 1851, 1852 సంవత్సరాల్లో ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చింది, అప్పటికి ఆఖరి బిడ్డ ఇంకా పసివాడే. అంతకు చాలా ముందే ఆమె భర్తకు ఉత్తరం రాస్తూ, తాను రాయాలంటే తనకంటూ ఒక గది ఉండాలని సూటిగా అడిగింది. వేదాంత శాస్త్రం బోధించే ఆ భర్త ఆమెను రాయమనే ప్రోత్సహించాడు. గాస్కెల్ సలహా తప్పు కాదు. అది ఒక ఇంటి పరిస్థితికి తగిన జవాబు. స్టో జవాబు మరొకటి. ఈ రెండింటిలోనూ నాకు నచ్చేది, ఇద్దరూ దేవుని పిలుపు పేరెత్తి ఎవరి నోరూ మూయించకుండా, కావలసిన వసతి గురించీ అసలైన ఇబ్బంది గురించీ మాట్లాడడం.

రచనను పూర్తిగా వదిలేయడమే నిజమైన సమర్పణ అనుకునేవారు కూడా మన మధ్య ఉన్నారు. ఆంగ్ల కవి జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ 1868లో జెస్యూట్ సమాజం అనే క్యాథలిక్ సన్యాసుల సంస్థలో చేరే ముందు తన కవితలను కాల్చివేశాడు. 1875 డిసెంబరులో జరిగిన ఒక ఓడ ప్రమాదంలో అయిదుగురు సన్యాసినులు మునిగిపోయారు. దాని మీద ఎవరైనా పద్యం రాస్తే బాగుండునని పై అధికారి ఒక మాట అనేదాకా ఆయన చెప్పుకోదగ్గ కవిత్వమేదీ రాయలేదు. ఆయన 1889లో మరణించాడు; కవితలు పుస్తకంగా వచ్చింది 1918లో, మిత్రుడి చొరవ వల్ల. ఆ మౌనం ఆయన కవిత్వాన్ని చంపలేదన్నది నిజం. కానీ దాన్నే ఆదర్శంగా తీసుకునేవారు ఒకటి మరచిపోతారు: ఆయనను తిరిగి రాయించినది తోటి విశ్వాసి నోటి నుంచి వచ్చిన చిన్న మాట. సంఘ పెద్దలెవరైనా ఇక్కడ ఉంటే ఆ మాట విలువ గుర్తించమని మనవి.

సంఘం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్త రచయిత సమయాన్ని ఎక్కువగా తీసుకునేది చాలాసార్లు ఇల్లు కాదు, సంఘమే. మీరు రాస్తారని తెలిసిన మరుక్షణం క్రిస్మస్ నాటిక మీదే, వార్షికోత్సవ సంచిక మీదే, పెద్దల సంస్మరణ వ్యాసం మీదే, ఆఖరికి అద్దె భవనం కోసం పెట్టుకునే అర్జీ కూడా మీదే. ఇందులో చేయదగినవి ఉన్నాయి, ఆనందంగా చేయండి. అయితే ఏడాదికి ఎన్ని ఒప్పుకుంటారో ముందే నిర్ణయించుకోండి. ఆ సమయం మీ సొంత రచన నుంచి పోతుందో, పిల్లల చదువు దగ్గర కూర్చునే సాయంత్రాల నుంచి పోతుందో కూడా చూసుకోండి. సంఘం అడిగిన దానికి కాదనడం పాపమేమీ కాదు. అలాగే, విశ్వాసి రాసే ప్రతిదీ సువార్త కరపత్రంలా ఉండాలన్న ఒత్తిడికి లొంగకండి. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న జాషువాకు అంతకు చాలా ముందే పేరు తెచ్చినవి 'ఫిరదౌసి', 'గబ్బిలం'. అవి ఏ ఆరాధన వేదిక కోసమూ రాసినవి కావు. గాస్కెల్ 1853లో, మోసపోయిన ఒక అవివాహిత తల్లిని సానుభూతితో చిత్రించినందుకు, సొంత సంఘంలోని వారే ఆ నవలను తగలబెట్టారు. ఆమె నొచ్చుకుంది, కానీ సంఘాన్నీ విడిచిపెట్టలేదు, రాయడమూ మానలేదు.

ఇంతకన్నా కంటికి కనబడని ప్రమాదం ఒకటుంది. రాయడం అలవాటైన మనసు వాక్యం చదువుతున్నప్పుడు కూడా సరుకు వెతుకుతుంది. ఈ వచనం ఆ వ్యాసానికి పనికొస్తుంది, ఈ ఉపమానం ఆ కథకు బాగుంటుంది అనుకుంటూ చదివేది ధ్యానం కాదు, సేకరణ. రోజూ చదివే వాక్యభాగాన్ని కలం, ఫోన్ దగ్గర లేకుండా చదవమని నేను అందరికీ చెబుతాను. మంచి ఆలోచన వచ్చి పోతే పోనివ్వండి. ఒకానర్ ఇరవైల ఆరంభంలో, 1946, 1947 సంవత్సరాల్లో, విద్యార్థినిగా ఉండగా ఒక నోటు పుస్తకంలో ప్రార్థనలు రాసుకుంది. మంచి రచయిత్రిని కావాలని దేవుణ్ణి అడుగుతూనే, తన నీడే పెద్దదై తాను చూడవలసిన వెలుగును కప్పేస్తుందేమోనన్న భయం కూడా ఆ పుటల్లో ఆయన ముందు పెట్టుకుంది. అది పాఠకుల కోసం రాసినది కాదు. ఆమె చనిపోయిన అర్ధ శతాబ్దం తరువాత, 2013లో అచ్చయింది. కీర్తి మీద ఆశ లేదని నటించకుండా ఆ ఆశను ప్రార్థనలోకే తీసుకురావడం ఆ వయసుకు చాలా పెద్ద విషయం.

ఇంటివారి గురించి రాయడం మరో చిక్కు, ముఖ్యంగా సాక్ష్యాలు, అనుభవ కథలు రాసేవారికి. ఆదికాండము 9లో నోవహు మత్తులో వస్త్రహీనుడై పడి ఉండగా, హాము చూసి బయటనున్న సోదరులకు చెప్పాడు. షేము, యాపెతు వెనుకకు నడిచివెళ్లి తండ్రిని కప్పారు. మరి దావీదు పాపాన్ని లేఖనం కప్పలేదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, 51వ కీర్తన ఆ పాపపు ఒప్పుకోలే. కానీ దానిలో మాట్లాడుతున్నది పాపం చేసిన మనిషి. తన సంగతి తానే చెప్పుకుంటున్నాడు. మీ కోపం గురించి, మీ పతనం గురించి రాసే హక్కు మీకుంది. భర్త తాగుడు, అత్తగారి మాటలు, కూతురి పరీక్ష తప్పడం మీ సొత్తు కావు. రాయక తప్పదనుకుంటే అచ్చుకు పంపే ముందు వారికి చూపించండి, వద్దంటే ఆపండి. చిన్నపిల్లలు అంగీకరించారన్నా దాన్ని అంగీకారంగా లెక్కించకండి. పదేళ్ల తరువాత ఆ కథ చదివే తోటివారు ఎవరో వారికి ఇప్పుడు తెలియదు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. కొత్త రచయితకు రాబడి చాలా తక్కువ, చాలాసార్లు ఏమీ ఉండదు. సొంతంగా పుస్తకం అచ్చు వేయించుకోవాలనుకుంటే, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోవాలన్న లూకా సువార్త 14వ అధ్యాయపు మాటను జీవిత భాగస్వామితో కలిసి చదివి, ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం మాత్రమే పెట్టండి. పౌలు కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. ఉద్యోగం మానేసి విశ్వాసంతో ముందుకు వెళతాననేవారి విశ్వాసానికి మూల్యం చెల్లించేది తరచుగా ఇంట్లో ఇంకొకరు.

చివరగా, తిరస్కరణ. రచన తిరిగి వచ్చిన రోజున ఇంట్లో ఎవరి తప్పూ లేకుండా అందరూ మీ ముఖం చూసి మాట్లాడవలసి వస్తుంది. యిర్మీయా 36వ అధ్యాయంలో రాజైన యెహోయాకీము ప్రవక్త మాటలున్న గ్రంథపు చుట్టను మూడు నాలుగు పుటల చొప్పున కోసి కుంపటిలో వేశాడు. ప్రవక్త మళ్లీ చెప్పాడు, అతని లేఖకుడు బారూకు మళ్లీ రాశాడు, ఈసారి మరెన్నో మాటలు అదనంగా చేరాయి. మనం ఇష్టంగా చెప్పుకునే భాగం ఇది. దాని పక్కన 45వ అధ్యాయం కూడా ఉంచుకోండి. అది ఆ రాజు ఏలుబడిలో నాలుగో సంవత్సరం, ప్రవక్త చెబుతుండగా బారూకు రాస్తున్న కాలంలోనే వచ్చిన మాట. అలసిపోయి మూలుగుతున్న ఆ లేఖకుణ్ణి దేవుడు, నీ కోసం గొప్పవాటిని వెదుకుతున్నావా, వెదకవద్దు అన్నాడు. ప్రాణం మాత్రం దక్కుతుందని మాట ఇచ్చాడు. ఆ జవాబు కఠినంగా అనిపిస్తుంది. అయినా బారూకు పని మానలేదు. మరుసటి సంవత్సరం ప్రజలందరి ఎదుట ఆ గ్రంథాన్ని చదివి వినిపించినదీ, రాజు కాల్చాక మళ్లీ రాసినదీ అతడే.

నా వంతు మాట ఇంతటితో ముగిస్తున్నాను. ప్రశ్నలకు కొంత సమయం ఉంది. రాసేవారితో పాటు వచ్చిన భార్యలు, భర్తలు వెనుక వరుసల్లో కూర్చున్నారు. వారు అడగదలచుకున్నవి ముందు తీసుకుందాం, రచయితల ప్రశ్నలు ఆ తరువాత.