నో బిడ్

అధ్యక్షులకూ మిత్రులకూ నమస్కారం. లటాకియా అనే ఆకు కలిసిన పైపు పొగాకును ఇంట్లో ఏళ్ల తరబడి ఎలా మాగబెట్టాలో చెప్పమన్నారు. చెబుతాను. కానీ మొన్న బేస్‌మెంట్‌లో 2012 అని చీటీ అంటించిన సీసా మూత తీస్తే మా నాన్న గుర్తొచ్చాడు. ముందు ఆ సంగతి చెప్పనివ్వండి.

మాది టంగుటూరు పక్కన పల్లె. వర్జీనియా పొగాకు వేసేవాళ్లం. బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే గదిలో, ఆకుకి వేడి తగలాలి, పొగ తగలకూడదు. కట్టెల పొగ ఇనప గొట్టాల్లోంచే బయటికి పోవాలి. నేను ఇంటర్ చదివే ఏడాది, రెండో రెలుపు, అంటే రెండోసారి కోసిన ఆకు లోపలుండగా, రాత్రి గొట్టం అతుకు ఊడింది. కాపలా నాది. నిద్రపోయాను. తెల్లారేసరికి ఆకంతా పొగ వాసన.

వేలంలో కొనుగోలుదారు మా బేలు దగ్గర ఒక్కసారి వాసన చూసి ముందుకెళ్లిపోయాడు. నో బిడ్, అంటే ధరే పలకలేదు. నాన్న బేళ్లు వెనక్కి తెచ్చి, బండి దించుతూ, "నిద్ర సరిపోయిందా నాయనా?" అన్నాడు. కోపంగా కాదు. అదే నాకిప్పటికీ తీరలేదు.

ఇక్కడికొచ్చాక మొదటి లటాకియా డబ్బా తెరిచి ఏడ్చాను. సైప్రస్‌లో ఎండబెట్టిన ఆకుని వేలాడదీసి, కింద సుగంధపు కట్టెలు రాజేసి, నల్లబడేదాకా కావాలనే పొగ పట్టిస్తారట! మా ఆకు లటాకియా కాదు, ఆ రకం వేరు, ఆ కట్టెలు వేరు. తెలుసు. అయినా ఆ వాసన తప్పు కాదని నాన్నకి చెప్పలేకపోయాను.

మీలో బ్యారన్ల ఊళ్లవాళ్లు ఎందరు? చేతులెత్తండి. చూశారా, ఇంతమంది!

టైమైపోయిందని చీటీ వచ్చింది. గబగబా చెబుతాను. రబ్బరు అంచు మూతున్న గాజు సీసా వాడండి. తడి ఎక్కువైన ఆకుని కాస్త ఆరనిచ్చి పెట్టండి. వెలుతురు తగలని చల్లటి చోటు కావాలి, బాయిలర్ పక్కన వద్దు. పళ్ల వాసనల మిశ్రమాలకు దూరంగా ఉంచండి. తారీకు రాయండి. ఏళ్లు గడిచేకొద్దీ లటాకియా పొగ ఘాటు మెత్తబడుతుంది, పక్కనున్న వర్జీనియా మాగి తీపి పైకొస్తుంది. ఆకు మీద తెల్లటి పలుకులు మెరిస్తే భయం లేదు. దూదిలాంటి బూజైతే పారేయండి. మాటిమాటికీ మూత మాత్రం తీయొద్దు, దయచేసి.

2012 సీసా తెచ్చాను. ఈ బల్ల మీద పెడుతున్నాను. ఎవరూ కాల్చక్కర్లేదు. ఒక్కొక్కరే వచ్చి, నిదానంగా, వాసన చూసి వెళ్లండి.