డ్రమ్మా, క్యానా, బకెట్టా? జర్మన్ పత్రాల్లో ప్యాకింగ్ పేర్లు

అందరికీ నమస్కారం. మీలో కొందరు ఫార్మా, కెమికల్ కంపెనీల ఎక్స్‌పోర్ట్ విభాగాల్లో ఉన్నారు. మిగతావాళ్లు జర్మన్ నేర్చుకుని టెక్నికల్ అనువాదంలోకి రావాలనుకుంటున్నారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే: సరుకు దేంట్లో నింపి పంపుతున్నారో దాని పేరు జర్మన్‌లో రాసే ముందు, డిక్షనరీ తెరవకుండా ఆ వస్తువును ఒకసారి కళ్లారా చూడండి. ఆకారాన్ని బట్టి, మూతను బట్టి పేరు మారిపోతుంది.

'కంటైనర్' సంగతే తీసుకోండి. ఈ మాట జర్మన్‌లోనూ ఉంది. కానీ అది వినగానే వాళ్లకు తట్టేది ఓడ మీద వెళ్లే ఇనప పెట్టె, లేదా వీధిలో ఖాళీ సీసాలు వేసే పెద్ద డబ్బా. మందుల డబ్బాకు అది నప్పదు. అన్నిటికీ కలిపి ఒక మాట కావాలంటే 'బెహెల్టర్' అనాలి. ఆవకాయ పట్టే గాజు జాడీ అయితే వట్టి 'గ్లాస్'. తాగే గ్లాసుకూ అదే మాట, కాబట్టి భయపడకుండా రాయండి. రేకు డబ్బా 'డోజె'. నిలబడే పౌచ్ 'ష్టాండ్‌బోడెన్‌బోయిటెల్'.

జర్మన్లకు ప్యాకింగ్ మాటల కోసమే డిన్ 55405 అని ఒక ప్రమాణం ఉంది. అట్ట, రేకు, ప్లాస్టిక్ లాంటి పదార్థం 'పాక్‌ష్టోఫ్'. దానితో చేసిన సీసా, సంచి, పెట్టె 'పాక్‌మిట్టెల్'. టేపు, లేబుల్ లాంటివి 'పాక్‌హిల్ఫ్స్‌మిట్టెల్'. సరుకు లేకుండా ప్యాకింగ్ మొత్తం 'ఫెర్‌పాకుంగ్', సరుకుతో కలిపితే 'పాకుంగ్'. ఈ చివరి రెండూ తారుమారైతే, ఖాళీవి కావాలన్నారో నింపినవి కావాలన్నారో అవతలివాళ్లకు అర్థం కాదు.

అసలు టెన్షన్ పెట్టేది ప్రమాదకర సరుకులు. యూరప్‌లో వాటి రోడ్డు రవాణాకు ఏడీఆర్ ఒప్పందం వర్తిస్తుంది. అందులో డ్రమ్ము 'ఫాస్', క్యాన్ 'కనిస్టర్'. మన గోడౌన్‌లో నీలం రంగు ప్లాస్టిక్‌ది ఏదైనా డ్రమ్మే అనేస్తాం. అక్కడ అలా కుదరదు. ఫాస్ గుండ్రంగా ఉంటుంది, 450 లీటర్ల దాకా పట్టవచ్చు. కనిస్టర్ పలకలుగా ఉంటుంది, 60 లీటర్లు దాటకూడదు. మరి బకెట్? పెయింట్ కొట్లో అది 'ఐమర్'. కానీ ఏడీఆర్ నిర్వచనం ప్రకారం బకెట్ ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ ప్యాకింగ్ కూడా ఫాస్ కిందికే వస్తుంది. ఎంత మంచి జర్మన్ వచ్చినా, నిబంధన చదవనివాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. వాళ్లను నేను తప్పుపట్టను, ఎవరికైనా ఐమర్ అనే రాయాలనిపిస్తుంది.

డ్రమ్ముల్లోనూ రెండు రకాలు. పైన బిరడా రంధ్రాలు మాత్రమే ఉన్నది 'ష్పుండ్‌ఫాస్'. మూత మొత్తం ఊడివచ్చేది 'డెకెల్‌ఫాస్'. ఉక్కు డ్రమ్ములైతే, ప్యాకింగ్ రకాన్ని తెలిపే కోడ్ మొదటిదానికి 1ఏ1, రెండోదానికి 1ఏ2. నింపే రంధ్రం అడ్డంగా 7 సెంటీమీటర్లు దాటితే అది 1ఏ1 కాదు. ఇది స్కేలు పెట్టి కొలిచి తేల్చుకునే విషయం, ఊహించి రాసేది కాదు.

ఇంకో జత కూడా గుర్తుంచుకోండి. ఇనప చట్రంలో కూర్చోబెట్టిన వెయ్యి లీటర్ల తెల్ల ట్యాంకును మనం ఐబీసీ అంటాం. జర్మన్ నిబంధనల్లో దాని పేరు 'గ్రోస్‌పాక్‌మిట్టెల్'. 'గ్రోస్‌ఫెర్‌పాకుంగ్' పూర్తిగా వేరు. అది లోపల చిన్న ప్యాకింగులనో వస్తువులనో పెట్టుకునే పెద్ద బయటి ప్యాకింగ్. రెండు పేర్లూ 'గ్రోస్'తోనే మొదలవుతాయి కాబట్టి తొందరలో ఒకదాని బదులు ఇంకోటి పడిపోతుంది.

అనువాదం చేసేవాళ్లు కంపెనీని ఒక ఫోటో అడగండి. డ్రమ్ము మీద సున్నా లోపల 'యూఎన్' అన్న గుర్తు, దాని పక్కన ఇందాక చెప్పిన 1ఏ1 లాంటి కోడ్ ఉంటాయి. 1 అంటే ఫాస్, 3 అంటే కనిస్టర్, 4 అంటే పెట్టె, అంటే 'కిస్టె', 5 అంటే బస్తా, అంటే 'జాక్'. ఆ మొదటి అంకె చూసి పేరు రాయండి.