ఇంట్లోనే మంచి ప్యాంటు కుట్టుకోవాలంటే ఏ దారి? మూడు పద్ధతుల రివ్యూ

నమస్కారం అండి. టేబుల్ మీద మూడు ప్యాంట్లున్నాయి, చూడండి. గుడ్డ ఒకటే, ఖాకీ కాటన్ ట్విల్. కొలతలు ఒకరివే, నడుము 34 అంగుళాలు, సీటు (పిరుదుల చుట్టుకొలత) 40. మెషిన్ కూడా ఒకటే, మామూలు నల్ల ఇనుప మెషిన్‌కి మోటార్ తగిలించింది. మారిందల్లా కటింగ్. మొదటిది పాత ప్యాంటు విప్పి, ఆ ముక్కల్ని చూసి కత్తిరించింది. రెండోది నెట్‌లో కొన్న ప్యాటర్న్‌తో, అంటే ముక్కల ఆకారాలు గీసి ఉన్న కాగితంతో. మూడోది టేపు, స్కేలు పట్టుకుని కాగితం మీద మనమే గీసుకున్నది.

దగ్గర నుంచి చూస్తే మూడూ బాగానే ఉన్నాయి కదా? వేసుకుని కుర్చీలో కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది తేడా. మొదటిది వెనక నడుము దగ్గర కిందికి జారింది. రెండోదానికి ముందు ఫోర్క్ దగ్గర, అంటే రెండు కాళ్ల ముక్కలు కలిసే వంపు దగ్గర, అడ్డ ముడతలు పడ్డాయి. మూడోది కదల్లేదు. అలాగని అందరూ మూడోదానితోనే మొదలుపెట్టమని చెప్పను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు గుడ్డ సంగతి. బెంగళూరులో చిక్‌పేట ఉండగా ప్యాంటు గుడ్డకి కొదవ లేదు. మెట్రో దిగి నడిస్తే చాలు, చాలా కొట్లలో తెలుగులో అడిగినా పని జరిగిపోతుంది. అక్కడ ముందు అడగాల్సింది ధర కాదు, పన్నా, అంటే గుడ్డ వెడల్పు. 58 అంగుళాల పన్నా అయితే సీటు 40 వరకు 1.30 మీటర్లు తీసుకోండి. 1.20 పీసులని కట్టి పెట్టినవి కూడా ఉంటాయి. చెయ్యి తిరిగిన టైలర్‌కి అది చాలు. నేర్చుకునేవాళ్లకి చాలదు, ఎందుకంటే బెల్ట్ ముక్క (నడుము చుట్టూ కుట్టే పట్టీ) ఒకసారి తప్పు పోతే మళ్లీ కత్తిరించడానికి గుడ్డ మిగలదు. 36 పన్నా అయితే రెండున్నర మీటర్లు కావాలి. జేబులకి గట్టి పాకెటింగ్ గుడ్డ అర మీటరు. ఇంట్లో ఉంది కదా అని చీర ఫాల్ గుడ్డ పెట్టారనుకోండి, బండి తాళాలకే చిరుగుతుంది.

కాటన్ అయితే కత్తిరించే ముందు నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. ఈ పని ఎగ్గొడితే మొదటి ఉతుకులో గుడ్డ కుంచించుకుంటుంది, బెల్ట్ గట్టిగా నిలవడానికి లోపల అంటించిన క్యాన్వాస్ మాత్రం అలాగే ఉండిపోతుంది. బెల్ట్ మీద బుడగలు వచ్చేది చాలావరకు ఇందుకే. రెండో కారణం, క్యాన్వాస్ మీద ఇస్త్రీ పెట్టెని రుద్దుకుంటూ పోవడం. రుద్దకూడదు. ఒకచోట పది పన్నెండు సెకన్లు అదిమి పట్టి, ఎత్తి, పక్కన పెట్టాలి.

ఇక మొదటి పద్ధతి. మీకు బాగా నప్పిన పాత ప్యాంటు తీసుకుని ఒక్క కాలు మాత్రమే విప్పండి. రెండో కాలు అలాగే ఉంచాలి. ఏ కుట్టు ముందు పడింది, జిప్పు పట్టీ ఎటు మడిచారు, జేబు మూల ఎలా ముగించారు అన్నది అదే మీకు చూపిస్తుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు, నిజంగా. కానీ ఫిట్టింగ్ పాఠం కాదిది. వాడిన ప్యాంటులో మోకాలు, సీటు సాగిపోయి ఉంటాయి, పొడవు కుదించుకుని ఉంటుంది. వాటి తప్పులన్నీ మీ కొత్త ప్యాంటులోకి దిగుతాయి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, లైక్రా కలిసిన జీన్స్ విప్పి ఆ ముక్కలతో మామూలు డ్రిల్ గుడ్డ కత్తిరించడం. ఆ జీన్స్ కొలతలో మీ ఒంటికన్నా తక్కువే ఉంటుంది, సాగుతుంది కాబట్టి సరిపోతుంది. సాగని గుడ్డలో అది తొడల దగ్గరే ఆగిపోతుంది.

రెండోది, కొన్న ప్యాటర్న్. ప్రింట్ తీసేటప్పుడు కొలత వంద శాతం అని పెట్టాలి. పేజీకి సరిపెట్టు అన్న ఆప్షన్ ఉంటే ప్యాంటు సైజే చిన్నదైపోతుంది. మొదటి పేజీలో కొలత చూసుకోవడానికి ఒక చిన్న చతురస్రం ఉంటుంది, దాన్ని స్కేలు పెట్టి కొలవకుండా మిగతా పేజీలు తియ్యకండి. ఏ4 కాగితాలు అతికించే ఓపిక లేకపోతే, ఇళ్ల ప్లాన్లు ప్రింట్ తీసే ప్లాటర్ షాపుకి వెళ్తే ఒకే పెద్ద షీటు మీద తీసిస్తారు. సైజు ఎంచుకోవాల్సింది రెడీమేడ్ ప్యాంటు మీద ఉన్న నంబర్ చూసి కాదు, టేపుతో కొలిచి, అదీ సీటు కొలత చూసి. నడుము ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు, సీటు దగ్గర గుడ్డ లేకపోతే ఏమీ చెయ్యలేం. వీటిలో చాలావాటికి చుట్టూ కుట్టు మార్జిన్ (కుట్టుకి అవతల వదిలే గుడ్డ) ఒకేలా, సెంటీమీటరున్నర దాకా ఇస్తారు. వెనక మధ్యలో వచ్చే సీటు కుట్టుకి మాత్రం అది చాలదు. అక్కడ పైన ఒకటిన్నర అంగుళం వదిలి, ఫోర్క్ దగ్గరికి వచ్చేసరికి అర అంగుళానికి తగ్గించుకోండి.

మూడోది మనమే గీసుకోవడం. సీటు 40 తో లెక్క చూద్దాం. ముందు ముక్క సీటు దగ్గర నాలుగో వంతు 10, దానికి పావు కలిపి పదింబావు. వెనక ముక్క 10కి ముప్పావు కలిపి పదిముప్పావు. రెండు వైపులా కలిపితే 42, అంటే మొత్తం లూజు 2 అంగుళాలు. ముందు ఫోర్క్ సీటులో పదహారో వంతు, రెండున్నర. వెనక ఫోర్క్ దానికి రెట్టింపు, 5. వెనక మధ్య గీత నడుము దగ్గర పక్క కుట్టుకన్నా అంగుళం నుంచి అంగుళంన్నర పైకి లేవాలి. పైన చెప్పానే, కూర్చుంటే జారిన ప్యాంటు, దానిలో లేనిది ఇదే. రైజ్, అంటే నడుము నుంచి ఫోర్క్ దాకా లోతు, దాని కోసం గట్టి కుర్చీ మీద నిటారుగా కూర్చుని, పక్కన నడుము నుంచి కుర్చీ పలక దాకా కొలిచి అర అంగుళం కలపండి. ఆడవాళ్లకి నడుముకీ సీటుకీ తేడా ఎక్కువ కాబట్టి వెనక ఒక్క డార్ట్ (నడుము దగ్గర గుడ్డని కోణంలా మడిచి వేసే కుట్టు) చాలదు, రెండు చిన్నవి పెట్టాలి. ఒకే పెద్ద డార్ట్ పెడితే దాని కొన దగ్గర గుడ్డ బుంగలా లేస్తుంది.

గీసిన వెంటనే మంచి గుడ్డ మీద కత్తెర పెట్టకండి. కోరా గుడ్డతో ట్రయల్ పీసు తప్పనిసరి. జేబులు, జిప్పు ఏమీ అక్కర్లేదు, పెద్ద కుట్టుతో రెండు కాళ్లు కలిపి, వేసుకుని, అద్దం ముందు నిలబడండి.

ఇక్కడ ముడతలు చదవడం రావాలి. ముందు ఫోర్క్ దగ్గర నుంచి తొడల వైపు మీసాల్లా ముడతలు వస్తే ముందు ఫోర్క్ పొట్టిగా ఉంది, పావు పావు అంగుళం చొప్పున పెంచి చూడండి. వెనక, సీటు కింద తొడ మీద మడతలు వేలాడుతుంటే అక్కడ నిలువు గుడ్డ ఎక్కువైంది, ఆ మడతని పిన్నులతో పట్టి ఎంత వచ్చిందో ప్యాటర్న్‌లో అంత తగ్గించాలి. కూర్చున్నప్పుడు వెనక నడుము కిందికి లాగితే సీటు గీత దగ్గర ప్యాటర్న్‌ని వెనక మధ్య గీత నుంచి పక్క కుట్టు దాకా కోసి, ఆ మధ్య గీత దగ్గర అర అంగుళం విప్పి కాగితం అతికించండి.

బిగుతుగా ఉందని చాలామంది ఫోర్క్‌ని కిందికి తవ్వుతారు. నేర్చుకునేవాళ్లు చేసే తప్పుల్లో నా లెక్కన మొదటి స్థానం దీనిదే. ఫోర్క్ ఎంత కిందికి పోతే అడుగు అంత తక్కువ పడుతుంది. కాలు ఎత్తగానే ప్యాంటు మొత్తం పైకి లేస్తుంది. చెయ్యి ఎత్తితే చొక్కా లేచినట్టే. కావాల్సింది లోతు కాదు, ఫోర్క్ వెడల్పు.

కాలు మెలి తిరుగుతోందంటే ట్రయల్ తప్పు కాదు, కటింగ్‌లో నిలువు పోగు తప్పింది. ఇస్త్రీ మడత వచ్చే గీత గుడ్డ అంచుకి పై నుంచి కింది దాకా ఒకే దూరంలో ఉండాలి. గుడ్డ మిగుల్చుకోవాలని కాస్త ఐమూలగా తిప్పి కత్తిరిస్తే రెండు ఉతుకుల్లో పక్క కుట్టు ముందుకి వచ్చేస్తుంది.

కుట్టడంలో భయపెట్టేది జిప్పు. మగవాళ్ల ప్యాంటుకి వేసుకున్నప్పుడు ఎడమ వైపు పైకి వస్తుంది. ఎడమ ముందు ముక్కకి క్యాన్వాస్ అంటించిన పట్టీ కుట్టి లోపలికి తిప్పండి. జిప్పు కుడి టేపుని, అంటే పళ్ల పక్కనున్న గుడ్డ పట్టీని, కుడి ముక్కకి, జిప్పు వెనక ఉండే పట్టీతో కలిపి కుట్టండి. ఇప్పుడు ఎడమ అంచు జిప్పు పళ్లని పావు అంగుళం దాటి కప్పేలా మూసి, పిన్నులు పెట్టి, తిరగేసి, జిప్పు ఎడమ టేపుని ఆ పట్టీకి మాత్రమే కుట్టాలి, పై గుడ్డకి తగలకూడదు. చివర్లో పైనుంచి వంపు కుట్టు, వెడల్పు అంగుళంబావు. వంపు జిప్పు చివరి లోహపు ముక్క కిందుగా తిరగాలి, దాని మీదకెక్కితే సూది విరుగుతుంది. ఏడు అంగుళాలు కావాల్సిన చోట తొమ్మిదంగుళాల జిప్పు కొనండి. రన్నర్, అంటే జిప్పు లాగే ముక్క, పైన దూరంగా ఉంటుంది, మెషిన్ పాదానికి అడ్డు రాదు. మిగిలింది బెల్ట్ కుట్టాక కత్తిరించవచ్చు. రన్నర్‌ని కిందికి లాగి పెట్టుకున్నాకే కత్తెర వెయ్యండి, లేకపోతే అది చేతికొచ్చేస్తుంది.

ఈ ట్విల్‌కి 14 నంబర్ సూది, డెనిమ్‌కి 16. దారం పాలిస్టర్, ఎందుకంటే కాటన్ దారం సీటు కుట్టులో కూర్చున్న ఒత్తిడికి తెగుతుంది. లూపుల దగ్గర గుడ్డ పొరలు దొంతరగా ఉండి పాదం వెనక్కి వాలుతుంది, కుట్లు ముద్దగా పడతాయి. పాదం వెనక అంతే మందంలో మడిచిన గుడ్డ ముక్క పెడితే పాదం సమంగా ఉంటుంది. అంచులకి ఓవర్‌లాక్ మెషిన్ కొనక్కర్లేదు, వీధి చివర పీకో, ఓవర్‌లాక్ చేసే టైలర్ దగ్గర ముక్కలన్నీ ఒకేసారి చేయించుకోండి. కుట్టాక తీసుకెళ్తే మూలలకి మెషిన్ అందదు.

బెల్ట్ మాత్రం ఒకే పొడవు ముక్కగా వెయ్యకండి. కుడి కాలికి కుడి బెల్ట్, ఎడమ కాలికి ఎడమ బెల్ట్ విడిగా కుట్టి, ఆఖరున సీటు కుట్టుని ఫోర్క్ నుంచి బెల్ట్ పై అంచు దాకా ఒకే గీతగా లాగాలి. ఆ కుట్టు రెండుసార్లు వెయ్యండి, ఒకదాని మీద ఒకటి. లోపల ఇందాక వదిలిన ఒకటిన్నర అంగుళం అలాగే ఉంటుంది కాబట్టి రెండేళ్ల తర్వాత నడుము పెరిగితే ఆ ఒక్క కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. ఒకే ముక్క బెల్ట్ వేసిన రెడీమేడ్‌లో ఈ పని చెయ్యాలంటే బెల్ట్ మొత్తం ఊడదీయాలి.

ఇప్పుడు మార్కులు. పాత ప్యాంటు విప్పడం, నేర్పడానికి 9, ఫిట్టింగ్‌కి 5. కొన్న ప్యాటర్న్, ఒళ్లు సగటు కొలతల్లో ఉంటే 7, పొట్టో సీటో ఎక్కువుంటే 4, ఎందుకంటే మార్చడానికి ఎలాగూ గీయడం నేర్చుకోవాల్సిందే. సొంతంగా గీయడం, 9. కానీ ట్రయల్ పీసు కుట్టనివాళ్లకి దీనికి 3 కూడా ఇవ్వను. అందుకే మొదటి ప్యాంటు పాతది విప్పి, చూసి కుట్టండి, జిప్పూ జేబులూ చేతికి రావాలి. రెండోది గీయండి.

బాటమ్ మడత చివరి దాకా ఆపండి. ఒకసారి ఉతికి, బూట్లు వేసుకుని, వెనక వైపు ముందుకన్నా అర అంగుళం దిగేలా చాక్ గీత పెట్టి, అప్పుడు చేత్తో హెమ్మింగ్ చెయ్యండి.