తాబేలు నీళ్లలో మునిగి చచ్చిపోతుందా?

[దృశ్యం: జనవరి ఉదయం, కాకినాడ తీరం. అలల అంచున పడి ఉన్న పెద్ద తాబేలు. కెమెరా చిప్ప మీదుగా మెడ దాకా వెళ్తుంది.]

నమస్కారం. ఈ తాబేలును ఒకసారి దగ్గరగా చూడండి. చిప్ప ఎక్కడా పగల్లేదు. ఒంటి మీద గాయం లేదు. మెడ మాత్రం ఉబ్బిపోయింది, కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. దీని పేరు ఆలివ్ రిడ్లే. సంక్రాంతి రోజుల నుంచి మార్చి దాకా శ్రీకాకుళం మొదలుకొని నెల్లూరు వరకు మన ఒడ్డుకు ఇలాంటి కళేబరాలు కొట్టుకొస్తూనే ఉంటాయి. 2025 జనవరిలో చెన్నై వైపు తీరంలో వెయ్యికి పైగా తేలాయి.

చూసినవాళ్లు ప్లాస్టిక్ మింగిందేమో, నీళ్లలో విషం కలిసిందేమో అనుకుంటారు. అలా చచ్చేవీ లేకపోలేదు. కానీ ఈ మూడు నెలల్లో ఇన్ని చావులకు అసలు కారణం వేరే. ఇవి ఊపిరాడక చనిపోతున్నాయి.

[దృశ్యం: నీటి అడుగున ఈదుతున్న తాబేలు పైకి వచ్చి, తల బయటపెట్టి, గాలి పీల్చుకుని మళ్లీ మునుగుతుంది.]

తాబేలుకు చేపలా మొప్పలు ఉండవు. మనలాగే ఊపిరితిత్తులు. పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిందే. కదలకుండా అడుగున పడుకుంటే ఒక్క శ్వాసతో గంటల తరబడి ఉండగలదు. అదే తాబేలు వలలో చిక్కి పెనుగులాడితే ఒంట్లో ఉన్న ఆక్సిజన్ నిమిషాల్లో అయిపోతుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, స్పృహ తప్పుతుంది. పది నిమిషాల్లోపు వల పైకి లాగితే దాదాపు అన్నీ బతుకుతాయని, గంట దాటితే చావులు బాగా పెరుగుతాయని అమెరికా పరిశోధకులు లెక్కలు తీశారు. ట్రాల్ వలను మన దగ్గర ఒక్కో విడతకు రెండు, మూడు గంటలు లాగుతారు.

[యానిమేషన్: సముద్రపు అడుగున ట్రాల్ వల. నోరు తెరిచి ఉంచే రెండు బరువైన పలకలు, వెనక పొడవాటి సంచి.]

ట్రాల్ వల అంటే బోటు వెనక కట్టి, సముద్రం అడుగును రాసుకుంటూ లాగే పెద్ద సంచి. కావాల్సింది రొయ్యలు. కానీ దారిలో ఏది అడ్డొస్తే అది లోపలికి పోతుంది: పీతలు, పిల్ల చేపలు, నత్తలు, తాబేళ్లు. ఆలివ్ రిడ్లేలు పీతలు, రొయ్యలు తినడానికి అడుక్కి వెళ్తాయి కాబట్టి వలకు నేరుగా ఎదురొస్తాయి.

సముద్రాలకు మనిషి చేస్తున్న హాని అంటే చాలానే ఉంది. మనం భూమికి ఎక్కించిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగాయి. ఆ వేడి ఈ తాబేళ్లనూ వదలదు, ఎందుకంటే గుడ్డులో ఉన్నది ఆడదో మగదో తేల్చేది ఇసుక ఉష్ణోగ్రతే. సుమారు 29, 30 డిగ్రీలు దాటిందంటే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయి. వేడి సంగతి తేలాలంటే ప్రపంచ దేశాలన్నీ కలిసి కూర్చోవాలి. వల సంగతికి ఒక ఇనప చట్రం చాలు. అందుకే ఈ వీడియో మొత్తం దాని గురించే.

[దృశ్యం: నిలువు ఊచలున్న గుండ్రటి ఇనప చట్రం. దాన్ని వలలో ఏటవాలుగా కుడుతున్న చేతులు.]

దీన్ని టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్, పొట్టిగా టెడ్ అంటారు. చూడటానికి ఇంటి కిటికీ ఊచల్లాగే ఉంటుంది. వల సంచికి కాస్త ముందు దీన్ని ఏటవాలుగా బిగిస్తారు. రొయ్య ఊచల సందులోంచి సంచిలోకి వెళ్లిపోతుంది. తాబేలు ఊచలకు తగిలి, ఆ వాలు వెంబడే జారుతూ వలకు పెట్టిన కంత దగ్గరికి చేరుతుంది. కంత మీద ఒక వల ముక్క తలుపులా వేలాడుతుంది. తాబేలు దాన్ని తోసుకుని బయటపడుతుంది, తలుపు మళ్లీ మూసుకుంటుంది.

ఈ ఆలోచన ప్రయోగశాలలో పుట్టింది కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు, వలలో పడి బరువు పెంచే జెల్లీ చేపలను బయటికి తోసేయడానికి ఇలాంటి చట్రం తయారు చేసుకున్నాడు. అది తాబేళ్లనూ వదిలిపెడుతోందని తర్వాత గమనించారు. మన దేశంలో కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ, సిఫ్ట్, మన వలలకు సరిపోయేలా ఒకటి రూపొందించింది. వాళ్ల పరీక్షల్లో రొయ్యల నష్టం ఒక శాతం లోపే, చేపల నష్టం రెండు మూడు శాతం.

మరి బోటు వాళ్లు ఎందుకు పెట్టుకోరు? వాళ్ల మాట కూడా వినాలి. డీజిల్ అప్పు, ఐస్ ఖర్చు, కూలీల బత్తా అన్నీ పోగా మిగిలేదే కొంచెం. వలకు కంత పెట్టమంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. పెద్ద చేప పడితే అదీ ఆ కంతలోంచే పోతుంది. చెత్త పట్టుకుంటే చట్రం మూసుకుపోయి రొయ్యలు కూడా చేజారతాయి. ఈ నష్టం నిజమే, దాన్ని తాబేలు పేరు చెప్పి కొట్టిపారేయడం న్యాయం కాదు. చట్రం ఖర్చు కేంద్రం, రాష్ట్రం 60, 40 వంతున భరించే పథకం ఇప్పుడుంది. పోయిన చేపకు పరిహారం సంగతి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు, మాట్లాడాలి.

[తెరపై: 1989. 1996. 1998. 2019.]

ఈ చట్రం చుట్టూ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు కూడా నడిచింది. టెడ్ వాడని దేశాల నుంచి సముద్రపు రొయ్యలు కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసి, 1996లో దాన్ని అన్ని దేశాలకూ వర్తింపజేసింది. భారత్, పాకిస్తాన్, మలేసియా, థాయ్‌లాండ్ ఫిర్యాదు చేశాయి. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం సరైనదే, అమలు చేసిన తీరులో వివక్ష ఉంది అని 1998లో తీర్పొచ్చింది. ఆ తర్వాతా మనవాళ్లు టెడ్‌లు పెట్టలేదు. 2019లో మన సముద్రపు రొయ్యలకు అమెరికా తలుపులు మూసేసింది. భీమవరం చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకు ఆ నిషేధం వర్తించదు. దెబ్బ తిన్నది సముద్రంలో వేటాడేవాళ్లు.

టెడ్ వల్ల నిజంగా ఫలితం ఉంటుందా? మెక్సికోలో చూడండి. అక్కడి రాంచో నువేవో తీరంలో 1947లో తీసిన ఒక ఫిల్ము ఉంది. ఆలివ్ రిడ్లేకు దగ్గరి బంధువైన కెంప్స్ రిడ్లే తాబేళ్లు ఇసుకంతా నిండిపోయి కనిపిస్తాయి. ఆ ఒక్కరోజే 40 వేల ఆడ తాబేళ్లు వచ్చి ఉంటాయని అంచనా వేశారు. గుడ్లు ఎత్తుకుపోయారు, రొయ్యల వలలు మిగతా పని చేశాయి. 1985లో ఏడాది మొత్తానికి దొరికిన గూళ్లు 702. ఆపైన ఒడ్డున గూళ్లకు కాపలా పెట్టారు, సముద్రంలో టెడ్‌లు పెట్టారు. పాతికేళ్లు దాటేసరికి గూళ్లు 20 వేలకు చేరాయి. 2010 తర్వాత ఆ పెరుగుదల ఒడిదుడుకుల్లో పడింది, అయినా జాతి నిలబడింది.

[దృశ్యం: హోప్ ఐలాండ్ ఇసుకలో గూళ్లు. బుల్లి తాబేళ్లు నీళ్ల వైపు పాకుతుంటాయి.]

మన దగ్గరా గుడ్లు ఏరి, కంచె వేసి, పొదిగించి పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. మంచి పని. కానీ ఒక లెక్క చూడండి. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లు ఉంటాయి. వెయ్యి పిల్లల్లో పెద్దదయ్యేది ఒకటని చెబుతారు. పది, పదిహేనేళ్లు గడిస్తే గానీ తొలిసారి గుడ్లు పెట్టదు. అంత కాలం తట్టుకుని, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తున్న ఆడ తాబేలే ఇప్పుడు వలలో పడుతోంది. ఒడ్డున ఎన్ని పిల్లల్ని వదిలినా ఆ నష్టం పూడదు.

ఇంకో విషయం. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు తెప్పలు, నాటు పడవలదే హక్కు, మర బోట్లు రాకూడదని ఆంధ్రప్రదేశ్ నిబంధనలు చెబుతున్నాయి. గుడ్లు పెట్టే కాలంలో తాబేళ్లు తిరిగేదీ ఆ దరిదాపుల్లోనే. అంటే ఆ గీత దాటకుండా చూస్తే చిన్న జాలరి వలా మిగులుతుంది, తాబేలూ మిగులుతుంది. ఇక ఏటా వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టిన గడువు అది. అది మొదలయ్యేసరికి తాబేళ్ల సీజన్ దాదాపు అయిపోతుంది.

[తెరపై: వలలో తాబేలు పడితే?]

బోటు మీద పనిచేసేవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే ఇది మీకోసం. పైకి లాగిన తాబేలు కదలకపోతే చచ్చిపోయిందనుకుని వెంటనే నీళ్లలోకి విసిరేయకండి. చాలాసార్లు అది స్పృహ తప్పి ఉంటుంది, నీళ్లలో పడితే అప్పుడు నిజంగానే మునిగిపోతుంది. పొట్ట కిందికి వచ్చేలా పడుకోబెట్టి, వెనక భాగం ఆరు అంగుళాలు ఎత్తుగా పెట్టండి. ఊపిరితిత్తుల్లోని నీళ్లు బయటికి వస్తాయి. తడి గుడ్డ కప్పండి, ముక్కు మాత్రం మూయకండి. నీడలో ఉంచండి. కోలుకోవడానికి నాలుగు గంటలు పట్టొచ్చు, ఒక రోజంతా కూడా పట్టొచ్చు. కదలిక వచ్చాక ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, వల లేని వైపు నెమ్మదిగా వదలండి.

[దృశ్యం: విశాఖ ఫిషింగ్ హార్బర్. వేటకు సిద్ధమవుతున్న మర బోట్లు.]

అధికారులకు ఒక మాట. తీరాన శవాలు లెక్కపెట్టడం ఫిబ్రవరి పని. డిసెంబరులోనే, బోటు రేవు వదలక ముందు, వల విప్పించి చూడాలి. చట్రం ఉందా? ఉంటే, కంత మీది తలుపును తాడుతో కుట్టేశారా?