జనం కూర్చుంటేనే కథ

అందరికీ నమస్కారం. హరికథ, బుర్రకథ నేర్చుకోవడానికి వచ్చిన మీలో చాలామందికి ఇప్పటికే సంగీతం వచ్చు. రాగం, తాళం నేను కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే ఈ మాట మొదటిరోజే చెబుతున్నాను. కథ చెప్పేవాళ్లకు సంగీతం కావాలి. అంతకన్నా ముందు ఎదురుగా కూర్చున్న జనం కావాలి. వాళ్లను రంజింపజేయలేకపోతే మీ గమకాలు, అంటే స్వరాన్ని కదిలించి పలికించే సొగసులు, ఎంత శుద్ధంగా ఉన్నా ఆ రాత్రి కథ జరగనట్టే.

ఇది సంగీతం రానివాళ్లు చెప్పే సాకు అనుకుంటారేమో. కాబట్టి ఆదిభట్ల నారాయణదాసు గారినే తీసుకుందాం. 1864లో అజ్జాడలో పుట్టారు. ఆయన విద్వత్తును ఎవరు శంకిస్తారు? ఒకేసారి వేర్వేరు తాళాలు వేసి చూపించిన లయజ్ఞుడు. వీణ వాయించారు, ఎన్నో భాషలు నేర్చారు, విజయనగరం సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. అంతటివారు కచేరీలు చేసుకుంటూ పండితుల మెప్పుతో ఉండిపోవచ్చు. కానీ ఆయన కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి హరికథకుడిగా జనం మధ్యకు వెళ్లారు. తనకున్న విద్యనంతా పాటలో, పద్యంలో, మాటలో, అభినయంలో కలిపి కథ కోసం వాడారు. అంత వచ్చినవారు ఆ దారి ఎంచుకున్నారంటే మనం ఆలోచించాలి.

హరికథలో పిట్టకథ ఎందుకుందో గమనించండి. ప్రధాన కథ బరువెక్కిందనగానే భాగవతార్, అంటే హరికథ చెప్పేవారు, పక్కకు తిరిగి ఒక చిన్న కథ చెబుతారు. జనం నవ్వుతారు, సర్దుకుని కూర్చుంటారు. మళ్లీ అసలు కథలోకి వస్తే అప్పుడు చెవిన పడుతుంది. మధ్యమధ్యలో ‘శ్రీమద్రమారమణ గోవిందో’ అని ఎత్తుకుంటే పందిరి మొత్తం ‘హరి’ అంటుంది. అప్పటిదాకా వింటున్నవాళ్లు ఆ క్షణంలో మీతోపాటు పాడేవాళ్లయిపోతారు. అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే స్వరకల్పన ఎంత గొప్పగా చేసినా ఈ పని చేయదు.

బుర్రకథలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కథకుడి చేతిలో తంబుర, వేళ్లకు అందెలనే మోగే ఉంగరాలు. అటూ ఇటూ గుమ్మెటలనే చిన్న డోళ్లతో ఇద్దరు వంతలు, అంటే వంత పాడేవాళ్లు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. జనం మనసులో మెదిలే ప్రశ్నను హాస్యగాడు పైకి అడిగేస్తాడు. ‘అదెలాగయ్యా, రాజుగారికి ఆ మాత్రం తెలియదా?’ అంటాడు. కథ అర్థం కానివాళ్లకు అక్కడ దారి దొరుకుతుంది. నన్నడిగితే బుర్రకథలో అందరికన్నా కష్టమైన పని అతనిదే. పోటీల్లో మార్కులు మాత్రం కథకుడి గొంతుకే వేస్తారు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్ గారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. శాస్త్రీయ సంగీతం కష్టపడి నేర్చుకున్నారు. కమ్యూనిస్టు ఉద్యమ కళాసంస్థ ప్రజానాట్యమండలిలో బుర్రకథ చెప్పినప్పుడు ఆ పాండిత్యం చూపించుకోవడానికి పాడలేదు. బెంగాల్ కరువు కథ చెబుతుంటే జనానికి ఆకలి కళ్లకు కట్టాలి, పల్నాటి యుద్ధం చెబుతుంటే ఆ కథలోని వీరుడు బాలచంద్రుడు ఎదురుగా నిలబడాలి. ఏడుపు, రోషం, నవ్వు ఒకే గొంతులో మారాలి. ఆ మార్పుకు ఆయన నేర్చిన సంగీతం పనికొచ్చింది. 1986లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఊళ్లు ఆయన్ని గుర్తించాయి.

అయితే జనం కోసమని సినిమా ట్యూన్లు, బూతు జోకులు పెట్టేయమంటారా అని అడుగుతారు. లేదు. అది బద్ధకం. బూతుకు నవ్వినవాళ్లు కథలోకి రారు, ఇంకో బూతు కోసం చూస్తారు. రంజింపజేయడమంటే రెండు మూడు గంటలు మనిషి మనసును కథ దగ్గర నిలపడం. అందుకు శ్రుతి తప్పని గొంతు కావాలి, గట్టి లయ కావాలి. సాధన మానమని నేను అనడం లేదు. పద్యనాటకాల్లో సాగదీసిన రాగానికి వన్స్‌మోర్ కొట్టిన జనమూ మనవాళ్లే. రాగం నచ్చితే అడిగి మరీ వింటారు. పద్యంలో మాట వినపడకుండా పాడితే మాత్రం లేచి టీకి పోతారు.

స్టేజీ ఎక్కినప్పుడు మృదంగం వైపు, ముందు వరసలో కూర్చున్న మాస్టారి వైపు చూడకండి. చివరి వరస చూడండి. అక్కడ పిల్లలు కదులుతుంటే ఆలాపన ఆపి మాటలోకి రండి. ముసలమ్మ కళ్లొత్తుకుంటుంటే హాస్యాన్ని కాసేపు ఆపండి.

రేపు ఉదయం హార్మోనియం, మృదంగం పక్కన పెట్టేస్తాం. ఒక్కొక్కరూ ఐదు నిమిషాల పిట్టకథ చెప్పాలి. పాట ఉండకూడదు. వినడానికి మన వంటవాళ్లను, పక్క బడి పిల్లలను పిలిచాను. ఈ రాత్రికి కథ ఎంచుకోండి.