ఏడో నిజాం రెండో కుమారుడు: మొఅజ్జం జా జీవితం, ఆయన బిరుదు

[తెరపై: నల్లగొండ జిల్లా వాడపల్లి, కృష్ణలో కలుస్తున్న మూసీ]

నమస్కారం. ఇక్కడ కృష్ణలో కలిసే మూసీ, 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఈ వీడియోలో మనం చెప్పుకోబోయే మొఅజ్జం జాకు అప్పటికి ఏడాదైనా నిండలేదు. 1907 డిసెంబరు 21న పుట్టిన ఆయనకు తండ్రి పెట్టిన పేరు మీర్ షుజాత్ అలీ ఖాన్. వరదనాటి ప్రభువు మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు తాత. మన పాలమూరు మహబూబ్‌నగర్ అయింది ఆ ప్రభువు పేరు మీదనే. 1911లో తండ్రి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడో నిజాంగా గద్దెనెక్కారు.

[తెరపై: ఇద్దరు రాకుమారుల పాత ఛాయాచిత్రం]

మొఅజ్జం జా అన్న ఆజం జా 1907 ఫిబ్రవరిలో పుట్టారు. ఇద్దరికీ మధ్య పది నెలల తేడా మాత్రమే ఉన్నా, ఆ పది నెలలే జీవితాంతం ఇద్దరి స్థానాలనూ నిర్ణయించాయి.

నిజాం దర్బారులో బిరుదులకు మెట్లు ఉండేవి. జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా అని ఒక్కొక్క మెట్టే పైకి వెళితే అన్నింటికన్నా పైన ఉండేది జా. ప్రసిద్ధ దివాను (ప్రధానమంత్రి) సాలార్ జంగ్‌కు ముఖ్తార్ ఉల్ ముల్క్ అనే బిరుదు కూడా ఉండేదంటే, ఆ మెట్లు ఎలా ఎక్కేవారో అర్థమవుతుంది. అన్నదమ్ములిద్దరికీ అందరికన్నా పై మెట్టు దక్కింది. అయితే ఆ మెట్టు గౌరవాన్ని ఇచ్చేదే కాని గద్దెను ఇచ్చేది కాదు. వనపర్తి, గద్వాల సంస్థానాల ముచ్చట్లు వింటూ పెరిగిన మనకు ఈ తేడా కొత్తేమీ కాదు. 1936లో బేరారు (నేటి మహారాష్ట్రలోని ప్రాంతం) మీద బ్రిటిషువారితో కుదిరిన ఒప్పందం తరువాత ‘బేరారు యువరాజు’ అనే హోదా అన్నకే వచ్చింది.

అంతకు ముందే, 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ నగరంలో అన్నదమ్ములిద్దరి పెళ్లిళ్లూ ఒకేనాడు జరిగాయి. తుర్కీని ఏలిన ఉస్మానీ (ఒట్టోమన్) వంశపు, పదవీచ్యుతుడైన చివరి ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్‌ను ఆజం జా, అదే రాజవంశానికి చెందిన నీలోఫర్‌ను మొఅజ్జం జా చేసుకున్నారు. నీలోఫర్‌కు పిల్లలు కలగలేదు. తన పరిచారిక ఒకామె ప్రసవంలో చనిపోవడం చూసి తల్లడిల్లిన ఆమె పూనికతోనే నీలోఫర్ ఆసుపత్రి వెలిసింది. ఆ దంపతులు 1952లో విడిపోయారు.

[తెరపై: మొజంజాహి మార్కెట్ గడియారపు గోపురం]

గద్దె దక్కని రాకుమారుడు ఏం చేశారన్నది నాకు అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి. మూసీ వరద తరువాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టారు. మురికివాడలను తొలగించి ఇళ్లు కట్టించడం, ఇరుకు బజార్లను వెడల్పు చేయడం దాని పనులు. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ రాతి తోరణాలు ఆ బోర్డు కట్టించినవే. తరువాతి కాలంలో మొఅజ్జం జా దానికి అధ్యక్షుడయ్యారు. 1935లో పూర్తయిన ఈ నల్లరాతి మార్కెట్‌కు ఆయన పేరే పెట్టారు. అన్న అసలు పేరైన హిమాయత్ అలీ ఖాన్ మీద హిమాయత్‌సాగర్ వెలసింది. ఒకటి వరదను ఆపడానికి కట్టిన జలాశయమైతే, మరొకటి ఊరికి పండ్లు అమ్మిన బజారు. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం తరలేదాకా ఆ పేరు పలకకుండా హైదరాబాదులో పండ్ల బేరమే సాగలేదు. తండ్రి ఇచ్చిన ఏ బిరుదుకన్నా ఇదే గొప్ప దక్కుదల అని నా నమ్మకం.

రాత్రివేళ మాత్రం ఆయన కవి. ‘షజీ’ అనే కలం పేరుతో ఉర్దూ గజళ్లు రాసేవారు. ఫానీ బదాయునీ వంటి మేటి కవి ఆయన కొలువులో ఉండేవారు. తెల్లవార్లూ సాగే ఆ ముషాయిరాల (కవి సమ్మేళనాల) ఖ్యాతి ఉర్దూ లోకమంతటా పాకింది.

ఇక గద్దె సంగతి. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ మరణించాక అది యువరాజైన అన్నకు కూడా దక్కలేదు. నిజాం తన మనవడు, ఆజం జా కుమారుడు ముకర్రం జాను వారసుడిగా ఎంచుకున్నారు. 1971లో రాజ్యాంగ సవరణతో మాజీ పాలకుల గుర్తింపే రద్దయింది. మొఅజ్జం జా 1987లో కన్నుమూశారు. మరమ్మతులు జరిగి 2020లో మళ్లీ తెరుచుకున్న ఆ మార్కెట్‌ను, హైదరాబాదు వెళ్లినప్పుడు గోపురం కింద నిలబడి తీరిగ్గా చూడండి.